ఇటుక లేని ఇల్లు... కొనేముందు!

దేవుడి పటం తగిలిద్దామని గోడకు మేకు కొడితే... మేకే వంగిపోతుంది! కొత్త ఫ్లాట్‌లోకి దిగాక గానీ చాలామందికి అసలు సంగతి తెలియదు. ఆ గోడలో ఒక్క ఇటుక కూడా లేదని.

తిరుపతి పట్టణ పేదల కోసం ఏర్పేడు మండలం వికృతమాలలో ఏపీ టిడ్కో కట్టించిన ఇళ్లు ఇలాంటివే. టిడ్కో రాష్ట్రమంతటా 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను ఈ 'షియర్‌వాల్' పద్ధతిలోనే కట్టింది. ఇనుము కట్టి, కరెంటు పైపులు ముందే అమర్చి, చుట్టూ అల్యూమినియం అచ్చులు బిగిస్తారు. గోడలు, శ్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోసేస్తారు. ప్రైవేటు అపార్ట్‌మెంట్లకూ ఈ పద్ధతి పాకింది. 'మైవాన్' అనేదీ దీన్నే.

రాతి గోడలు, మట్టి మిద్దెల్లో పెరిగిన మన పెద్దవాళ్లకు నాలుగంగుళాల గోడంటే నమ్మకం కుదరదు. బలానికేం ఢోకా లేదు. సరిగ్గా కడితే భూకంపాన్ని తట్టుకోవడంలో మామూలు ఇటుక గోడ కన్నా ఇదే మేలు. చిక్కంతా ఆ 'సరిగ్గా' దగ్గరే. ఇనుము మీద కాంక్రీటు మందం చాలకపోతే లోపల తుప్పు పడుతుంది. తుప్పుకు ఉబ్బిన ఇనుము కాంక్రీటును పగలగొడుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో హడావుడిగా కట్టిన ప్రీకాస్ట్ ఇళ్లకు ఇదే జరిగింది. అద్దెకుంటున్నవాళ్లే ముచ్చటపడి వాటిని కొనుక్కున్నారు. తీరా లోపం బయటపడ్డాక మళ్లీ కొనేవాడు లేడు, అప్పిచ్చే సంస్థ లేదు. చివరికి 1984లో ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చి ఆదుకోవాల్సి వచ్చింది.

మనవాళ్లకు ఇంకో అలవాటుంది. గృహప్రవేశం కాగానే మేస్త్రీని పిలిచి, హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేయమంటారు. పూజగదికి గూడు కావాలంటారు. ఇక్కడ కుదరదు. పిల్లర్లు, బీములు మోయాల్సిన బరువును ఈ గోడలే మోస్తాయి. కింది ఇంటివాళ్లు గోడ తొలిస్తే ముప్పు పై ఇళ్లన్నిటికీ! ఏసీకి రంధ్రం వేయాలన్నా ఇంజినీరును అడగాల్సిందే. కరెంటు పైపులు ఎటు వెళ్లాయో చూపించే డ్రాయింగు తాళాలతో పాటే అడిగి తీసుకోండి. అది లేకుండా డ్రిల్లింగ్ మిషన్ ముట్టుకోవద్దు.

రాయలసీమ ఎండల సంగతి చెప్పక్కర్లేదు కదా. పలుచని కాంక్రీటు త్వరగా వేడెక్కుతుంది. పడమటి గోడ ఉన్న ఫ్లాట్‌ను ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం వెళ్లి చూడండి, పొద్దున కాదు. వాన కురిసిన మర్నాడు మరోసారి వెళ్లి కిటికీల మూలలు, బాత్రూం గోడలు తడిమి చూడండి. ఇనుము వెంబడి పొడవుగా బీట, తుప్పు మరక కనిపిస్తే బేరం ఆపేయడం మంచిది. పైన రంగేశాం అంటే ఊరుకోకండి.

ఇక కాగితాలు. టిడ్కో ఇల్లు ఎవరో అమ్ముతున్నారంటే తొందరపడి అగ్రిమెంటు రాయించుకోకండి. కేటాయింపు పత్రంలోని షరతులు, బ్యాంకు అప్పు బాకీ ముందు చూడాలి. ప్రైవేటు ఫ్లాటయితే ఈసీ, ప్లాను అనుమతితో పాటు రెరా నంబరు అడగండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మీరు బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. అందుకే అప్పగింత తేదీని కాగితం మీద రాయించుకోండి. ఫిర్యాదు కూడా నోటిమాటగా కాదు, రాతపూర్వకంగానే ఇవ్వండి.