మహమ్మారి కాలములో హెడ్ నర్సు

ఆసుపత్రి అనగానే మనకు వైద్యుడు, రోగి, మందు జ్ఞప్తికి వచ్చును. డ్యూటీ పట్టిక వ్రాసెడి హెడ్ నర్సు జ్ఞప్తికి రాదు. 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించిన తరువాత, ఎన్నో ఆసుపత్రులలో వార్డు నడచుట ఆ పట్టికపైననే ఆధారపడినది. ఫ్లారెన్స్ నైటింగేల్ జన్మించి రెండువందల ఏండ్లు నిండుచున్నవని ఆ సంవత్సరమునే నర్సుల సంవత్సరముగా ఆ సంస్థ ముందే నిర్ణయించియుండుట విచిత్రము.

పట్టిక వ్రాయుటలో కష్టమేమని విద్యార్థులు అడుగవచ్చును. ఒక లెక్క వేసి చూతము. తీవ్ర చికిత్సా విభాగములో పది పడకలు కలవనుకొందము. ఇద్దరు రోగులకు ఒక నర్సు చొప్పున ఒక వేళకు ఐదుగురు కావలెను. రక్షణ దుస్తులు తొడిగినవారికి నీరు త్రాగుటకు గాని, మరుగుదొడ్డికి పోవుటకు గాని వీలుండదు. కనుక పలుచోట్ల ఒక్కొక్క వంతును ఆరు గంటలకు కుదించిరి. దినమునకు నాలుగు వంతులు; అనగా ఇరువదిమంది. తొలి నెలలలో మన దేశమున కొన్ని ఆసుపత్రులు పదునాలుగు దినములు పనిచేసినవారిని మరి పదునాలుగు దినములు క్వారంటైనులో ఉంచినవి. ఇరువది నలుబదియైనది. వారపు సెలవులు, తామే జ్వరముతో మంచమెక్కిన నర్సులు ఈ లెక్కలో ఇంకను చేరలేదు.

ఆ నలుబదిమంది ఎక్కడనుండి వత్తురు? కంటి వార్డునుండి, ఆపరేషనులు వాయిదాపడిన వార్డులనుండి. వెంటిలేటరును ఎన్నడును ముట్టనివారిని అనుభవముగలవారితో జతకూర్చవలెను. రోగిని బోరగిల పరుండబెట్టినచో వీపువైపునగల ఊపిరితిత్తుల భాగములు విచ్చుకొని, రక్తమునకు ప్రాణవాయువు మెరుగుగా అందును. అయితే నోటిలో గొట్టమున్న రోగిని త్రిప్పుటకు నలుగురైదుగురు కావలెను; గొట్టము ఊడకుండ ఒకరు తలవైపు దానినే పట్టుకొని నిలువవలెను. అంతసేపు తక్కిన పడకల చెంత ఎవరుందురు? అదియు ముందే తేల్చవలెను.

2021 ఏప్రిల్, మే నెలలలో మరియొక లెక్క తోడైనది. పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్ల ప్రాణవాయువు పట్టును. నిమిషమునకు 15 లీటర్లు పోవు మాస్కుకు అది ఏడు గంటల ముప్పావు వచ్చును. నిమిషమునకు 60 లీటర్లు కేవలము ప్రాణవాయువునే పంపెడి ముక్కు గొట్టమునకు రెండు గంటలైనను రాదు.

ఈ లెక్కలు ఎవరైనను నేర్వవచ్చును. పట్టికలో పేరు వ్రాయుటకే చేయి ఆడెడిది కాదు. ఒకరు చంటిబిడ్డ తల్లి. మరియొకరి ఇంట ముసలి అత్తమామలు. వివిధ దేశములలో పరిశోధకులు హెడ్ నర్సులతో ముఖాముఖి మాటలాడినపుడు ఈ బాధనే వారు మరల మరల చెప్పుకొనిరి. పైనుండి వచ్చు ఉత్తరువులు తరచుగా మారెడివి. ఒకనాటి మాస్కు నియమము మరునాటికి నిలిచెడిది కాదు. నర్సుల కోపము ఉత్తరువు పంపినవారిమీద గాక, దానిని చదివి వినిపించినవారిమీద పడెడిది. తమ భయమును మాత్రము వారు వార్డులో కనబడనీయలేదు.

రక్షణ దుస్తులు తొడుగునప్పటికన్న విడుచునప్పుడే అంటు భయము హెచ్చు. క్రిములుండునది వెలుపలివైపున గదా! అందుచేత ఒక్కొక్కటి నిర్ణీత క్రమములో విప్పుచు, మధ్యమధ్య చేతులు శుద్ధిచేసికొనవలెను. ఆరు గంటలు చెమటలో నానినవారి చేయి తెలియకుండ ముఖముపైకే పోవును. ఆ చేతిని కనిపెట్టి ఆపుటకు గుమ్మమువద్ద మరియొకరు నిలువవలెను. మనుష్యులు చాలని రాత్రులలో అచట నిలుచుటయు హెడ్ నర్సు వంతే అయినది.