మరిగిన పాలలోనూ మిగిలే విషం



మేము సంఘాల తనిఖీకి వచ్చినప్పుడు తరచుగా వినే మాట ఒకటున్నది. "పొదుగు కాస్త గట్టిపడితే ఏమైందండీ, పాలు కాచుకునే తాగుతారు గదా!" అని. కాచితే సూక్ష్మజీవులు చస్తాయన్న మాట నిజమే. అయితే అవి వదిలే విషం సంగతి వేరు. దానిని గురించే ఈ వ్యాసం.

పొదుగువాపు కలిగించే జీవులలో ముఖ్యమైనది స్టెఫైలోకాకస్ ఆరియస్. గడ్డల చీములో ఈ జాతి జీవులను గమనించి, 1882లో స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టినవారు స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్. గ్రీకు భాషలో "స్టెఫైలే" అనగా ద్రాక్షగుత్తి. సూక్ష్మదర్శినిలో ఇవి గుత్తులుగానే కనిపిస్తాయి.

ప్రయోగశాలలో దీనిని గుర్తించే విధానం ఇది. ముందుగా చన్ను కొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదలి, క్రిమిరహితమైన సీసాలో పాలు పట్టి, ఐసులో ఉంచి పంపవలెను. అక్కడ నెత్తురు కలిపిన అగార్ పళ్ళెంపై ఆ పాలు పూసి, 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 24 గంటలు ఉంచుతారు. పెరిగిన జీవులకు గ్రామ్ రంగు వేస్తే ఊదారంగు గుత్తులు కనబడతాయి. వాటిని నెత్తురు అంటకుండా తీసి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కలిపితే బుడగలు వస్తాయి. పొదుగువాపు తెచ్చే మరో జీవి, స్ట్రెప్టోకాకస్ అయితే బుడగలు రావు. చివరిది కోయాగులేజ్ పరీక్ష. కుందేలు నెత్తురు నుండి తీసిన ప్లాస్మాలో ఈ జీవులను కలిపి 4 గంటలకు ఒకసారి, అవసరమైతే 24 గంటలకు మరొకసారి చూస్తారు. తోడుకున్న పెరుగువలె గడ్డకడితే అది ఆరియస్ అని చాలావరకు తేలినట్లే.

ఈ జీవి పొదుగు లోతుల్లో దాగి ఉంటుంది. పశువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది, పాలు మాత్రం తగ్గుతాయి. పితికేవారి చేతుల ద్వారా, తుడిచే గుడ్డల ద్వారా పక్క పశువుకు సోకుతుంది.

పితికిన పాలు గంటల తరబడి వెచ్చగా నిలిచిపోతే, వీటిలో కొన్ని రకాలు ఎంటెరోటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. మరిగించినా అది పోదు. అటువంటి పాలు తాగిన కొద్ది గంటలలోనే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. 2000లో జపాన్ దేశంలో 13 వేల మందికి పైగా ఇలాగే జబ్బుపడ్డారు. హొక్కైడోలోని ఒక కర్మాగారంలో కరెంటు పోయి పాలు వెచ్చగా నిలిచిపోయాయి. వాటితో చేసిన పాలపొడిని ఒసాకాలో పాల తయారీకి వాడారు. పాశ్చరీకరణలో జీవులు చచ్చినా విషం మిగిలిపోయింది.

కనుక సభ్యులు ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. ప్రతిపూట మొదటి ధారలను నల్లని గుడ్డపై పితికి, పలుకులున్నవేమో చూడవలెను.
2. జబ్బు పశువును ఆఖరున పితకవలెను. వేలిపై పుండు, సెగ్గడ్డ ఉన్నవారు పితకరాదు.
3. పితికిన వెంటనే చన్నులను అయోడిన్ మందులో ముంచవలెను.
4. పశువైద్యుడు చెప్పిన మందు పూర్తిగా వాడవలెను. ఆయన చెప్పిన గడువు తీరేవరకు ఆ పాలు సంఘానికి పోయరాదు.
5. పాలను ఆలస్యం చేయక సంఘానికి చేర్చవలెను.

క్యానులో కలిసిన తరువాత ఎవరి పాలు ఏవో తెలియదు. ఒక్క పొదుగు పాలు చాలు, ఊరందరి పాలూ చెడడానికి. ఆ పాలు తాగేది ఎవరి బిడ్డయినా మన బిడ్డేనని తలచి, పొదుగు దగ్గరే జాగ్రత్తపడవలెనని మా మనవి.