ముందు డాబా, తర్వాతే రేడియో

హ్యామ్ రేడియో (సరదాకి నడుపుకునే అమెచ్యూర్ రేడియో) మీద కొత్తగా మోజు పడినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: ఏ సెట్ కొనాలి? అడిగేది హైదరాబాద్ చాదర్‌ఘాట్ వాళ్లయితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీ ఇంటి ఓనరు డాబా మీద పైపు పాతనిస్తాడా? మూసీ ఒడ్డు పల్లం, ఒకదాన్నొకటి ఆనుకుని లేచిన ఇళ్లు. ఇలాంటి చోట మన గొంతు ఎంత దూరం వెళ్తుందో తేల్చేది సెట్ ఖరీదు కాదు. పైన కట్టే యాంటెన్నా, అక్కడిదాకా పాకించే కేబుల్.

అన్నిటికంటే ముందు లైసెన్సు. దీనికి కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పెడుతుంది. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు కావాలి. పాసైనవాళ్లకు వీయూ3తోనో వీయూ2తోనో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఇంట్లో ఉంచుకున్నా తప్పే. ఆన్‌లైన్‌లో వాకీటాకీలు చవగ్గా దొరుకుతున్నాయి కదా అని తొందరపడొద్దు. ఈలోగా చెవికి పదును పెట్టుకోవచ్చు. ప్రపంచంలో చాలామంది తమ రిసీవర్లను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచారు. ఫోన్‌లోనే వినొచ్చు. మన ఊళ్లో నేర్చుకోవడానికి చోటు లేకపోలేదు. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ పని మీదే ఉంది.

ఇక డాబా సంగతి. 300ని ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 2 మీటర్లు, అందులో పావు వంతు యాంటెన్నా అంటే అర మీటరు కడ్డీ. దీనికి పిట్టగోడ మీద జానెడు చోటు చాలు. 7 మెగాహెర్ట్జ్‌కు వచ్చేసరికి అర తరంగం డైపోల్ కట్టాలంటే 20 మీటర్ల తీగ కావాలి. అంత పొడవైన డాబా ఈ గల్లీల్లో ఎవరికుంది? అందుకే మధ్యలో ఒక పైపు నిలబెట్టి, తీగను రెండు పక్కలా కిందికి వాల్చి, తలకిందులైన ‘వి’ ఆకారంలో కడతారు. అదీ కుదరకపోతే 14 మెగాహెర్ట్జ్ చూసుకోండి, 10 మీటర్లతో సరిపోతుంది. ఏది కట్టినా, తెగి పడ్డప్పుడు కూడా కరెంటు తీగలకు తగలనంత దూరంలో ఉండాలి. మన వీధుల్లో ఆ తీగలు ఎలా వేలాడుతుంటాయో చెప్పనక్కర్లేదు.

కొత్తవాళ్లు డబ్బు మిగుల్చుకోవాలని చూసేది కేబుల్ దగ్గరే. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లు వేస్తే, 145 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు సగం పవర్ దారిలోనే వేడిగా మారిపోతుంది. మీ 50 వాట్ల సెట్ డాబా మీదికి చేరేసరికి 25 వాట్లది. అదే పొడవున లావుపాటి ఆర్‌జీ-213 వేస్తే పోయేది పావు వంతు లేదా కాస్త ఎక్కువ. వినేటప్పుడూ అదే నష్టం. కోఠీ గుజరాతీ గల్లీలో కేబుల్ అడిగేటప్పుడు 50 ఓములది కావాలని గట్టిగా చెప్పండి. టీవీకి వాడేది 75 ఓములు. అన్నీ బిగించాక, యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూడండి. 1.5 లోపు ఉంటే నిశ్చింత, 2 దాటితే పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కకుండా కనెక్టర్లు చూసుకోవాలి.

వంద వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, పవర్ సప్లై ఆ లెక్కన ఉండాలి. పక్కన ఒక 12 వోల్టుల బ్యాటరీ ఉంచుకుంటే కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. నగరంలో అందరూ మొత్తుకునేది సెట్‌లో వచ్చే గరగర గురించి. సెట్‌ను బ్యాటరీ మీద నడిపి ఇంటి మెయిన్ ఆపేయండి. తర్వాత ఒక్కొక్క స్విచ్చే వేస్తూ పోతే దొంగ ఎక్కడున్నాడో తెలుస్తుంది. చాలాసార్లు చవక ఎల్‌ఈడీ బల్బు, లేదా ఫోన్ చార్జరు. పక్కింటివాళ్ల ఇన్వర్టరైతే మంచిమాటగా చెప్పుకోవడమే.

కార్లో పెట్టే సెట్‌కు సూత్రాలు కొన్నే. చేతి సెట్‌ను లోపల కూర్చుని వాడితే కారు ఇనుప ఒళ్లు అడ్డం. టాప్ నడిమధ్యన అయస్కాంతం బేస్ మీద అర మీటరు కడ్డీ నిలబెట్టాలి. పవర్ తీగలు సిగరెట్ సాకెట్ నుంచి కాక నేరుగా బ్యాటరీ నుంచి, రెండింటికీ ఫ్యూజులు వేసి లాగాలి. 145 మెగాహెర్ట్జ్ లాంటి వీహెచ్ఎఫ్ తరంగాలకు ఎత్తే ప్రాణం. చాదర్‌ఘాట్ పల్లంలో మూగబోయిన 5 వాట్ల చేతి సెట్టే నౌబత్ పహాడ్ ఎక్కితే నోరు విప్పుతుంది. ఎత్తయిన చోట రిపీటర్లు పెట్టేది కూడా అందుకే. ఒక ఫ్రీక్వెన్సీలో విని, మరో దానిలో తిరిగి పంపుతాయి.

ఫోన్లుండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకు 2004 డిసెంబరు గుర్తు చేయాలి. హ్యామ్ భారతి ప్రసాద్ బృందం అండమాన్ దీవుల్లోని పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో స్టేషన్ పెట్టింది, సరదాగా ప్రపంచంతో మాట్లాడటానికే. 26న సునామీ వచ్చింది. దీవులకు ఫోన్లు తెగిపోయినప్పుడు ఆ సెట్లే కబుర్లు మోశాయి. మనకూ వరద కొత్తేం కాదు, 1908లోనూ మూసీ ముంచింది, 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకీ నీళ్లొచ్చాయి.

కాబట్టి డబ్బు లెక్క వేసుకునేటప్పుడు కింది నుంచి కాక పై నుంచి వేసుకోండి. ముందు యాంటెన్నా, కేబుల్, తర్వాత పవర్ సప్లై, చివర మిగిలినదాంతో సెట్. కాల్‌సైన్ చేతికొచ్చాక పాత హ్యామ్‌ల దగ్గర సెకండ్‌హ్యాండ్ సెట్ తీసుకున్నా నష్టం లేదు. కేబుల్ మాత్రం కొత్తదే కొనండి.