నడుము నొప్పి, ట్రంకు పెట్టెలో కాగితాలు: మాజీ సైనికుల వైకల్య పెన్షను గురించి



మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు చాలా ఊళ్ళలో కనిపిస్తారు. మా ఓ.పి.కి నడుము నొప్పితో వచ్చేవారిలో కూడా వారు ఉంటారు. "ఎప్పటి నుంచి బాబూ?" అని అడిగితే, "మిలిటరీలో ఉన్నప్పటి నుంచే, సిస్టరుగారూ" అంటారు. ఆ ఒక్క మాట వెనుక వారికి రావలసిన పెన్షను ఉండవచ్చు. అది ఎలా అడగాలో తెలియక ఏళ్ళు గడిచిపోతున్నాయి. అందుకే ఈ నెల మందుల సంగతితో పాటు కాగితాల సంగతి కూడా రాస్తున్నాము.

ఉద్దానం వైపు నుంచి ఒక మాజీ హవల్దారు భార్యతో కలిసి మా దగ్గరకు వచ్చారు. నడుముకు బెల్టు, ఎడమ కాలు ఈడుస్తూ నడక. ఆయన "కొంచెం నొప్పి" అన్నారు. భార్య ఊరుకోలేదు. "కొంచెం కాదు సిస్టరమ్మా. రాత్రంతా మూలుగుతానే ఉంటారు. జీడి తోటలోకి వెళ్ళి రెండేళ్ళయింది" అన్నది. మంచు కొండల్లో బరువు మోస్తూ జారిపడ్డారట. సైనిక ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఉన్నారట. ఆ కాగితాలు ఉన్నాయా అని అడిగితే మరుసటి వారం ట్రంకు పెట్టెలోవన్నీ ఒక సంచిలో వేసుకొని వచ్చారు. ఒక మూల చెద పట్టింది. అదృష్టవశాత్తు ముఖ్యమైన కాగితం మిగిలింది. సర్వీసు నుంచి విడుదలయ్యే ముందు జరిగిన మెడికల్ బోర్డు, ఆయన వెన్నుకు 20 శాతం వైకల్యమని రాసి, "సర్వీసుకు సంబంధం లేదు" అని కూడా రాసింది. ఆయన దానిని చదవకుండానే సంతకం పెట్టి ఇంటికి వచ్చేశారు. ఎనిమిదేళ్ళుగా అప్పీలు చేయవచ్చని కూడా తెలియదు.

మా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ఆయన అంతకు ముందు మూడుసార్లు మా ఆస్పత్రికి వచ్చారు. ఆ మూడు చీటీల మీదా "నడుము నొప్పి" అని, కింద మాత్రల పేర్లు మాత్రమే ఉన్నాయి. కాలు ఎంతవరకు లేస్తున్నది, తిమ్మిరి ఎక్కడ ఉన్నది, పాత దెబ్బ సంగతి, ఏదీ రాయలేదు. మూడేళ్ళలో జబ్బు ఎంత ముదిరిందో చూపే కాగితం మా దగ్గరే లేకపోయింది.

వెన్నులో జరిగేది ఏమిటి?

వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులు ఉంటాయి. దెబ్బ వలన గాని, ఏళ్ళ తరబడి బరువులు మోయడం వలన గాని, వయసు వలన గాని డిస్కు పక్కకు ఉబ్బి, కాలికి వెళ్ళే నరాన్ని నొక్కుతుంది. అప్పుడు నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా దిగుతుంది. స్కాన్ రిపోర్టులలో ఎల్ 4-ఎల్ 5, ఎల్ 5-ఎస్ 1 అని తరచుగా కనిపించేది ఈ నడుము కింది డిస్కుల గురించే. చాలామందికి వ్యాయామంతో, మందులతో తగ్గుతుంది. కొందరికి ఏటేటా ముదిరి, పిక్క సన్నబడి, పాదం బలం తగ్గుతుంది.

క్లెయిము సంగతి ఆగవచ్చు, ఈ లక్షణాలు ఆగవు: మూత్రం బిగబట్టిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట తిమ్మిరి, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం, పాదం పైకి లేవకపోవడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి రండి.

వైకల్య పెన్షనుకు ఏమి చూస్తారు?

రెండు ప్రశ్నలు ముఖ్యం. మొదటిది, ఆ వైకల్యం సర్వీసు వలన వచ్చిందా, లేక ముందే ఉన్నది సర్వీసు వలన ఎక్కువైందా? రెండవది, అది 20 శాతం లేదా అంతకంటే ఎక్కువా? శాతాన్ని నిర్ణయించేది సైనిక మెడికల్ బోర్డు. మా డాక్టరుగారు ఇచ్చే సర్టిఫికెట్టు సాక్ష్యంగా ఉపయోగపడుతుంది గాని బోర్డుకు బదులు కాదు. మన రాష్ట్రంలో ఇచ్చే సదరం సర్టిఫికెట్టు కూడా అంతే. అది రాష్ట్ర ప్రభుత్వ పథకాల కోసం. దానిలోని శాతం సైనిక పెన్షనుకు చెల్లదు.

మొదటి ప్రశ్న మీద 2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో ముఖ్యమైన తీర్పు చెప్పింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్లు రాయకపోతే, చేరినప్పుడు ఆ సైనికుడు ఆరోగ్యంగానే ఉన్నాడని భావించాలి. సంబంధం లేదని చెప్పాలంటే బోర్డు కారణాలు చూపాలి. అనుమానముంటే సైనికుడికే అనుకూలంగా తీసుకోవాలి. "సర్వీసుకు సంబంధం లేదు" అని ఒక్క ముక్క రాసి ఉన్న పాత బోర్డు కాగితం ఉన్నవారు దీనిని గుర్తుంచుకోవాలి.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. 2006 తర్వాతి నిబంధనల ప్రకారం 100 శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం. 50 శాతం వైకల్యానికి అందులో సగం. ఆఖరి జీతం 40,000 రూపాయలు అనుకుంటే నెలకు 6,000. ఇక 50 శాతం లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆ పైన ఉన్నదాన్ని 100గా లెక్కించే పద్ధతి ఉంది. పూర్తి సర్వీసు చేసి రిటైరైనవారికి కూడా ఇది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరు 21 తర్వాత విడుదలైనవారికి కొత్త నిబంధనలు వచ్చాయి గనుక, వారు తమ విడుదల తేదీ చూపించి వివరం అడగాలి.

మీరు ఏ కోవలో ఉన్నారు?

1. వైకల్య పెన్షను వస్తున్నది, నడుము ఇంకా పాడైంది. 2001 తర్వాత, శాశ్వత వైకల్యానికి బోర్డు వేసిన శాతం జీవితాంతం ఉంటుంది. తిరిగి పరీక్ష కావాలంటే మీరే మీ రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. అయితే ముందు లెక్క చూసుకోండి. 20ని 50గా లెక్కించి ఇస్తుంటే, జబ్బు 40 శాతానికి ముదిరినా పెన్షను మారదు. కొత్త బోర్డు తనకు కనిపించినదే రాస్తుంది, పెంచి తీరాలన్న నియమం లేదు.

2. బోర్డు వైకల్యం రాసింది గాని సంబంధం లేదన్నది, లేక 20 శాతం కంటే తక్కువ వేసింది. దీనికి అప్పీలు ఉంది. తిరస్కరించిన ఉత్తరం అందిన 6 నెలలలోపు మొదటి అప్పీలు, అదీ తిరస్కరిస్తే మరో 6 నెలలలోపు రెండవ అప్పీలు చేయాలి. ఆలస్యమైతే కారణం రాసి పంపాలి. మా హవల్దారుగారిది ఈ కోవే.

3. విడుదలైనప్పుడు ఏమీ రాయలేదు, తర్వాత బయటపడింది. సర్వీసులో మొదలైనదే ఆలస్యంగా బయటపడిందని వైద్యపరంగా చూపగలిగితే క్లెయిము చేయవచ్చు. దీనికి సంవత్సరాల గడువు ఉంటుంది గనుక వాయిదా వేయకండి.

కూడబెట్టవలసిన కాగితాలు

డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ., విడుదల మెడికల్ బోర్డు ప్రతి (ఎ.ఎఫ్.ఎమ్.ఎస్.ఎఫ్. 16), దెబ్బ తగిలినప్పుడు రాసిన రిపోర్టు (ఐ.ఎ.ఎఫ్.వై. 2006), మెడికల్ క్యాటగిరీ తగ్గించిన కాగితాలు, సైనిక ఆస్పత్రి డిశ్చార్జి చీటీలు, ఇ.సి.హెచ్.ఎస్. పాలిక్లినిక్ చీటీలు, మా వంటి ఆస్పత్రుల చీటీలు, ఎక్స్‌రే, స్కాన్ రిపోర్టులు.

పోయిన కాగితాల ప్రతుల కోసం రికార్డ్స్ ఆఫీసుకు రాయవచ్చు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీ సొంత వైద్య కాగితాలు అడగవచ్చు. మద్రాస్ రెజిమెంటు వారి రికార్డ్స్ వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపు వారివి బెంగళూరులో, ఆర్టిలరీ వారివి నాసిక్ రోడ్డులో, ఇ.ఎమ్.ఇ. వారివి సికింద్రాబాదులో ఉన్నాయి. దరఖాస్తు రాయడానికి మొదట మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. బకాయిలలో వాటా అడిగే మధ్యవర్తులకు అసలు కాగితాలు ఇవ్వకండి. ఎవరికైనా జెరాక్సు మాత్రమే ఇవ్వండి, పంపిన పోస్టు రసీదు దాచుకోండి.

ఆస్పత్రిలో ఏమి చెప్పాలి?

"నొప్పి ఎక్కువగా ఉంది" అంటే సరిపోదు. ఎంత దూరం నడిస్తే ఆగవలసి వస్తున్నది, ఎంతసేపు కూర్చోగలరు, ఏ పని మానేశారు, తిమ్మిరి ఏ వేలి దగ్గర, పాత దెబ్బ ఎప్పుడు, ఎక్కడ తగిలింది, ఇవి చెప్పి చీటీ మీద రాయమని అడగండి. పడుకోబెట్టి కాలు ఎత్తినప్పుడు ఎంత ఎత్తులో నొప్పి వచ్చింది, రెండు పిక్కల చుట్టుకొలత ఎంత అనేవి మేము ఇప్పుడు కొలిచి రాస్తున్నాము. ఆరు నెలలకొకసారి ఇలా రాయిస్తే జబ్బు నడక కాగితం మీద కనిపిస్తుంది.

బోర్డు ముందు ఉన్నది ఉన్నట్లు చెప్పండి. లేనిది చూపబోతే పరీక్షలో తెలిసిపోతుంది, ఉన్నదాని మీద కూడా నమ్మకం పోతుంది. మనవారిలో ఎక్కువమంది చేసే పొరపాటు మాత్రం దీనికి వ్యతిరేకం. అలవాటు కొద్దీ "బాగానే ఉన్నాను సార్" అంటారు. ఇంటి ఆడవారిని తోడు తీసుకువెళ్ళండి, వెళ్ళే ముందు వారి చేత కూడా బాధలన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి.

తిరస్కరించితే?

రెండు అప్పీళ్ళూ పోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో ఏర్పడి 2009 నుంచి పనిచేస్తున్నది. ఆంధ్రప్రదేశ్ చెన్నైలోని ప్రాంతీయ బెంచి పరిధిలోకి వస్తుంది. ఆలస్యానికి నష్టమూ ఉంది. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో పెన్షను హక్కును ఒప్పుకున్నా, బకాయిలను మాత్రం సుప్రీంకోర్టు 3 ఏళ్ళకే పరిమితం చేసింది. లాయరు ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. సైనిక కుటుంబాలకు న్యాయ సహాయం కోసం 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన కూడా ప్రారంభమైంది.

ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఒక మాట. క్యాటగిరీ తగ్గితే ప్రమోషను పోతుందని మా హవల్దారుగారు చాలాసార్లు నొప్పి దాచి డ్యూటీ చేశారట. ఆ రోజుల నొప్పికి ఈ రోజు సాక్ష్యం లేదు. దెబ్బ తగిలిన రోజే రిపోర్టు రాయించుకోండి. 2022 నుంచి అగ్నివీరులుగా చేరుతున్నవారికి ఇది మరీ ముఖ్యం. వారికి నాలుగేళ్ళ తర్వాత పెన్షను లేదు. సర్వీసు వలన 100, 75 లేదా 50 శాతం వైకల్యం కలిగితే 44, 25, 15 లక్షల రూపాయల పరిహారం పథకంలో ఉంది. దానికీ కాగితమే ఆధారం.

మా హవల్దారుగారి అప్పీలు ఇది రాసే నాటికి ఇంకా నడుస్తున్నది. వ్యాయామం వలన కాలి నొప్పి కొంత తగ్గింది, రాత్రి నిద్ర పడుతున్నది. మీ ఇంట్లో కూడా అటువంటి ట్రంకు పెట్టె ఉంటే ఈ వారమే తెరిచి చూడండి. అర్థం కాని కాగితం ఉంటే ఓ.పి.కి వచ్చేటప్పుడు తీసుకురండి. చదివి చెప్పడానికి మేము ఉన్నాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్