‘ఉప్పు’ పెరిగిందట... ఏ ఉప్పు?

వంటింటి దాకా చేరాల్సిన కిడ్నీ జాగ్రత్తలు

కోయంబత్తూరు, మదురై: "రక్తంలో ఉప్పు పెరిగిందంట. ఇంక కూరలో వెయ్యొద్దమ్మా". ఆసుపత్రి నుంచి వచ్చిన తాత ఇంత మాట చెబితే చాలు, కోడలు ఆ పూటే ఉప్పు డబ్బా అటకెక్కిస్తుంది. ఊరగాయ జాడీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది!

పీలమేడు చుట్టుపక్కల నాయుళ్ల ఇళ్లలోనైనా, నాయకరాజుల కాలం నుంచి మదురై ప్రాంతంలో స్థిరపడ్డ కుటుంబాల్లోనైనా ఇంట్లో మాట తెలుగు, బళ్లో చదువు తమిళం, చేతికొచ్చే రిపోర్టు ఇంగ్లీషు. తికమక ఇక్కడే. తమిళ వాడుకలో యూరియా, క్రియాటినిన్‌లనూ ‘ఉప్పు’ అనేస్తుంటారు. ఇవి ఒంట్లో తయారయ్యే వ్యర్థాలు. కిడ్నీలు సరిగా వడకట్టలేకపోతే రక్తంలో పేరుకుంటాయి. వంట ఉప్పు వేరు. బీపీ, వాపు అదుపులో ఉండేందుకు దాన్ని తగ్గించమంటారు. ‘ఉప్పు మానేశాం కదా’ అని మాత్రలు, పరీక్షలు మానేస్తే అసలుకే మోసం.

లెక్కలోకి రానివే ఎక్కువ

రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు. ఊరగాయ, అప్పడం, వడియం, ఎండుచేప అన్నీ అందులోకే వస్తాయి. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. డాక్టరును అడగకుండా వాడితే ప్రమాదం. చలవ చేస్తుందని తాగే కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది.

నీళ్లు తగ్గించాలన్న నియమం అందరికీ ఉండదు. ఉన్నవారు మాత్రం కాఫీ, మజ్జిగ, రసం, గంజి కూడా లెక్కగట్టాలి. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి మాత్రలు మింగితే ఉన్న కిడ్నీ శక్తీ పోవచ్చు. డయాలిసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతికి బీపీ చూడనివ్వకూడదు, సూది గుచ్చనివ్వకూడదు.

మొదట్లో ఈ జబ్బుకు నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. అందుకే షుగర్, బీపీ ఉన్నవారు ఏడాదికోసారైనా మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.

తిరిగి చెప్పండి

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం మొదలుపెట్టింది. బీపీ, షుగర్ మందులు ఇంటికి చేర్చడం, ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవారికి ద్రావణం సంచులు అందించడం అందులో భాగం. మందు గడప దాకా వచ్చినా, జాగ్రత్త వంటింటి దాకా రావాలిగా!

అందుకు దారి సులువే. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వంట చేసేవారినీ వెంట తీసుకెళ్లాలి. విన్నది విన్నట్టు తలూపకుండా, సొంత మాటల్లో డాక్టరుకో నర్సుకో తిరిగి చెప్పాలి. పొరపాటుంటే వారు అక్కడే సరిదిద్దుతారు. ఇంటికొచ్చాక అవ్వకూ, కోడలికీ తెలుగులో మరోసారి చెప్పాలి. అర్థం కాకుంటే ‘ఏ ఉప్పు?’ అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.