ఇరాక్ మృతుల లెక్క తేల్చేదెవరు?

2006లో ప్రజారోగ్య పరిశోధకులు ఆరున్నర లక్షలన్నారు. అంతకు పది నెలల ముందు అమెరికా అధ్యక్షుడు సుమారు 30 వేలన్నారు. ఆ రెండు అంకెల మధ్య మొదలైన వాదం ఇప్పటికీ తెగలేదు.

2006 వేసవి. ఇరాక్‌లో రోజూ బాంబులు పేలుతున్న కాలం. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు ఉన్న ఇరాకీ డాక్టర్ల బృందాలు ఇంటింటి తలుపూ తట్టాయి. 2002 జనవరి నుంచి ఈ ఇంట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎలా పోయారు? అన్నీ రాసుకున్నాక చివర్లో మరణ ధ్రువపత్రం చూపించమన్నారు. అడిగిన మరణాల్లో 92 శాతానికి ఆ కాగితం ఉంది.

మొత్తం 47 చోట్ల 1,849 ఇళ్లు. అమెరికా దండెత్తక ముందు ఏడాదికి వెయ్యి మందిలో 5.5గా ఉన్న మరణాలు ఆ తర్వాత 13.3కు పెరిగాయని తేలింది. దేశ జనాభాకు లెక్కగడితే 6.55 లక్షల అదనపు మరణాలు. అసలు సంఖ్య 3.93 లక్షల నుంచి 9.43 లక్షల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని పరిశోధకులే రాశారు. అక్టోబరులో లాన్సెట్ వైద్య పత్రిక ఈ అధ్యయనాన్ని ప్రచురించింది.

కొట్టిపారేసిన ప్రభుత్వాలు

నివేదిక నమ్మదగింది కాదని అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ వెంటనే తేల్చేశారు. బ్రిటన్ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. కానీ అధ్యయన పద్ధతి పటిష్ఠంగానే ఉందని బ్రిటన్ రక్షణ శాఖ ప్రధాన శాస్త్ర సలహాదారే లోపల రాసిచ్చిన సంగతి 2007లో బయటపడింది.

అలాగని విమర్శకులంతా ప్రభుత్వాల తరఫు మనుషులు కారు. పెద్ద వీధులకు దగ్గరి ఇళ్లనే ఎక్కువగా ఎంచుకోవడం వల్ల అంకె పెరిగిందని ఆర్థికవేత్త మైఖేల్ స్పాగట్ వాదించారు. ప్రధానంగా వార్తల్లో నమోదైన మరణాలను లెక్కపెడుతున్న ఇరాక్ బాడీ కౌంట్ సంస్థ కూడా అనుమానాలు లేవనెత్తింది. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి ఇరాక్ ప్రభుత్వం 9,345 ఇళ్లలో చేసిన సర్వే, 2006 జూన్ వరకు హింసలో పోయినవారు 1.51 లక్షలని చెప్పింది. ఇంటివాళ్ల పేర్లు రాసుకున్నందుకు లాన్సెట్ అధ్యయన సారథి గిల్బర్ట్ బర్నమ్‌పై జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 2009లో చర్య తీసుకుంది.

జనానికి జరిగిన అన్యాయం

ఈ అంకెలు కొలిచినవి వేర్వేరు. ఇరాక్ బాడీ కౌంట్‌ది ప్రధానంగా వార్తకెక్కిన మరణాల లెక్క. వార్తకెక్కని చావు చాలావరకు అందులో ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకె హింసలో పోయినవారిది. లాన్సెట్ లెక్కలో హింస కాక వేరే కారణాలతో పోయినవారూ ఉన్నారు. ఈ తేడా చెప్పకుండా యుద్ధాన్ని సమర్థించినవాళ్లు చిన్న అంకెను, వ్యతిరేకించినవాళ్లు పెద్ద అంకెను చేతబట్టుకున్నారు. ఏ పండితుడు ఎటువైపు అన్నదే చర్చయింది. ఇళ్లను ఎలా ఎంచారు, లెక్క ఎలా కట్టారు అన్న అసలు ప్రశ్నలు పక్కకు పోయాయి.

2010లో వికీలీక్స్ బయటపెట్టిన అమెరికా సైనిక పత్రాల్లో లక్షకు పైగా మరణాల నమోదు ఉంది. అందులో 66 వేల మందికి పైగా సామాన్య పౌరులే. అంటే సైన్యం దగ్గర ఒక చిట్టా ఉంది, ప్రజలకే చూపలేదు. 2013లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చిన మరో సర్వే 2011 వరకు నాలుగు లక్షల పైచిలుకు అదనపు మరణాలని అంచనా వేసింది.

పరిశోధకుడు తన పద్ధతిని, సమాచారాన్ని తోటివారి పరీక్షకు పెట్టాలి. ఆ పని లాన్సెట్ బృందం చేయాల్సినంత చేయలేదన్న విమర్శ న్యాయమైనదే. కానీ తన దగ్గరున్న లెక్కను దాచుకుని, ప్రాణాలకు తెగించి లెక్కపెట్టినవాళ్లను నమ్మొద్దనే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. యుద్ధం మొదలుపెట్టే దేశమే మృతుల నమోదుకు డబ్బు, రక్షణ ఇవ్వాలి. ఆ వివరాలు ఏటా బయటపెట్టాలి. వాటిని తప్పుబట్టే స్వేచ్ఛ పండితులకు ఉండాలి. ఈ షరతు పెట్టకుండా ఏ చట్టసభా యుద్ధానికి ఆమోదం తెలపకూడదు.