పట్టపగలు కనిపిస్తే పిచ్చెక్కినట్టేనా?

డాలస్ శివార్లలోని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వసంతం రాగానే ఫొటో ఒకటి తిరుగుతుంది. వాకింగ్ ట్రయిల్ పక్కన బొచ్చూడిన కొయోటీ (తోడేలును పోలిన అమెరికా అడవి జంతువు), దాని కింద హెచ్చరిక: “పగలు తిరుగుతోందంటే రేబిస్ వచ్చినట్టే, పిల్లల్ని బయటికి పంపకండి.” ఆ వెంటనే మాంసంలో మందు కలిపి పెట్టమనే మేధావి ఒకరు తయారవుతారు. ఆ మాంసం కొయోటీయే తినాలని ఏమీ లేదు. పక్కింటి లాబ్రడార్ తింటుంది.

పగలు తిరగడానికి కొయోటీకి రేబిస్ అక్కర్లేదు, ఆకలి చాలు. ఏప్రిల్, మే నెలల్లో బొరియ నిండా పిల్లలుంటాయి. వాటి కడుపు నింపడానికి తల్లీ తండ్రీ వేళాపాళా లేకుండా వేటాడతాయి. ఊళ్ల దగ్గర అవి రాత్రిళ్లు ఎక్కువగా తిరిగేది మన అలికిడికి భయపడే.

ఇక ఆ బొచ్చు సంగతి. అది గజ్జి. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. గోక్కుని గోక్కుని బొచ్చు రాలిపోతుంది, తోలు మందమై పెచ్చులు కడుతుంది, కళ్లు సగం మూసుకుపోతాయి. వేటాడే ఓపిక పోయి, చలికి ఆగలేక ఎండలో పడుకుంటుంది. మీ ఫోన్లో ఉన్నది ఆ ఫొటోనే. తోడేళ్లకూ కొయోటీలకూ ఈ గజ్జి అంటించి అడవిలోకి వదలాలని 1905లో మోంటానా రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది. అప్పుడు కావాలని అంటించారు, ఇప్పుడు చూసి జడుసుకుంటున్నారు!

చంపేస్తే రోగం పోతుందనేవాళ్లు టెక్సస్ చరిత్ర ఒకసారి తిరగేయాలి. 1988లో దక్షిణ టెక్సస్ కొయోటీల్లో కుక్కల రకం రేబిస్ నిజంగానే చెలరేగింది. దాన్ని ఆపింది తుపాకులు కాదు. 1995 నుంచి టీకా పెట్టిన ఎరలను విమానాల్లోంచి వెదజల్లారు. ఆ రకం రేబిస్ ఇక తమ దేశంలో లేదని 2007లో అమెరికా ప్రకటించుకుంది. అంతకు ముందు ఐరోపాలో బొరియల్లోకి విషవాయువు వదిలి మరీ నక్కల్ని చంపారు, రేబిస్ మాత్రం ముందుకే సాగింది. చివరికి 1978లో స్విట్జర్లాండ్ వాళ్లు కోడి తలకాయల్లో టీకా దాచి ఒక లోయలో వేస్తే, నక్కలు తిన్నాయి, రేబిస్ అక్కడే ఆగింది. ఒక కొయోటీని చంపితే దాని జాగాలోకి ఊరూపేరూ లేని కుర్ర కొయోటీ వచ్చి చేరుతుంది. దానికి ఏ రోగముందో ఎవరికెరుక?

“కొయోటీలన్నిటి రక్తంలో పార్వో (కుక్కలకు సోకే వైరస్) ఉందట” అన్నది ఇంకో పుకారు. పరీక్షలో దొరికేవి యాంటీబాడీలండీ, అంటే ఆ కొయోటీ ఎప్పుడో ఆ వైరస్ బారిన పడి బతికి బట్టకట్టిందని. ఎల్లోస్టోన్‌లో పరీక్షించిన పెద్ద కొయోటీల్లో దాదాపు అన్నిటికీ పార్వో యాంటీబాడీలున్నాయి. అయినా అవి నిక్షేపంగా తిరుగుతున్నాయి.

అలాగని, ఇంట్లోనే ఉండే మన కుక్కకు టీకా ఎందుకనుకోవడం అపోహ కూడా కాదు, బద్ధకం.

ఒక్క భయాన్ని మాత్రం కొట్టిపారేయలేను. నక్కల, కొయోటీల పెంటలో ఉండే ఒక రకం బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే కాలేయంలో గడ్డలు కడతాయి. ఏళ్ల తరబడి బయటపడవు. అరుదే, కానీ నిజం. పెరట్లో కూరగాయలు పండించేవాళ్లు వాటిని కడిగి తినండి, పెంట ఎత్తేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

రేబిస్‌ను అనుమానించాల్సింది అది ఏ వేళ తిరుగుతోందన్నది చూసి కాదు, ఎలా తిరుగుతోందన్నది చూసి. తూలుతూ నడుస్తున్నా, చొంగ కారుస్తున్నా, మనిషి మీదికే వస్తున్నా దూరం జరిగి యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి. డిస్టెంపర్ అనే మరో జబ్బు వచ్చినా అచ్చం అలాగే ఉంటుంది. అది మనుషులకు అంటదు గానీ, ఏది ఏదో పైకి చూసి చెప్పడం డాక్టర్ల వల్లే కాదు, మీరు తేల్చబోకండి. కరిస్తే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. గ్రూపులో అడుగుతూ కూర్చోవద్దు. కొయోటీలు ఇంటి దాకా రాకుండా, కుక్క గిన్నె రాత్రి పెరట్లో వదలకండి. అన్నట్టు, అమెరికాలో మనుషులకు రేబిస్ ఎక్కువగా అంటించేది గబ్బిలం. పడగ్గదిలో గబ్బిలం కనిపిస్తే, కరవలేదనిపించినా సరే, డాక్టరుకు చెప్పండి.